మా ఊరి పెళ్లికొడుకులందరూ ఎక్కిన కారు

మా ఇంటికి కారు వచ్చిన నాలుగేళ్లలో మా ఊళ్లో పెళ్లి చేసుకున్న ప్రతి మగవాడూ దాంట్లో ఊరేగాడు. వరసకు అన్నలయ్యేవాళ్లు, బావలయ్యేవాళ్లు, ఏ వరసా కానివాళ్లు, అందరూ ఎక్కారు. నేను మాత్రం ఎక్కలేదు. ఎక్కలేదంటే, స్టీరింగ్ పట్టుకుని రోడ్డెక్కలేదు. వెనక సీట్లో రెండు మూడుసార్లు కూర్చున్న మాట నిజమే, అదీ ఒళ్లో పెళ్లివాళ్ల లడ్డూల బుట్ట పెట్టుకుని, దాని మూత ఊడిపోకుండా రెండు చేతులా పట్టుకుని. ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

మాది పటేల్‌గూడ పక్కన. చుట్టూ పొలాలు ప్లాట్లయిపోతున్న రోజులవి, మాకింకా కొంత సేద్యం మిగిలి ఉంది. మా నాయిన ఎక్కడో రెండు చేతులు మారిన తెల్ల కారొకటి కొనుక్కొచ్చాడు. ఎందుకు కొన్నాడని అడగకండి. ఆయనకు ట్రాక్టర్ తప్ప ఇంకే బండీ తోలడం రాదు. మా తమ్ముడికి మోటార్ సైకిలే సరిగ్గా రాదు. అయినా తెచ్చాడు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, రేకుల షెడ్డులో నిలబెట్టి, వడ్ల మీద కప్పే టార్పాలిన్ దాని మీద కప్పేశాడు.

"ఇగ ఇది శుభకార్యాల బండి. ఊకె ముట్టకుర్రి," అన్నాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఊళ్లో ఎవరికి కారుంటే వాళ్లు పెళ్లికొడుకు కోసం ఇవ్వాల్సిందే. కాదంటే ఏళ్ల తరబడి అనిపించుకుంటారు. నాయిన కాదనే మనిషి కాదు. పక్క వీధిలో ఒకాయన కిరాయికి డ్రైవింగ్ చేస్తాడు, ఆయన్ని పిలుస్తారు. పూలు కట్టి, బానెట్ మీద రిబ్బన్ లాగి, వెనక అద్దానికి పెళ్లివాళ్ల పేర్లు థర్మకోల్ అక్షరాలతో అంటిస్తారు. పెళ్లయ్యాక కారు తిరిగొస్తుంది, అద్దం నిండా టేపు జిగురుతో. ఆ జిగురు కిరోసిన్ గుడ్డతో రుద్ది రుద్ది వదిలించేది ఎవరు? నేను. పెళ్లి వాళ్లది, ఊరేగింపు వాళ్లది, జిగురు నాది. ఎక్కడి న్యాయమండీ ఇది?

నాకు బండి తోలడం రాకపోతే ఇంత బాధ లేదు. నాకు పదిహేనేళ్లప్పుడు, ఒక వానాకాలం, ట్రాక్టర్ తోలే మనిషి జ్వరంతో పడుకున్నాడు. నాయిన వెనక నాగళ్లు చూసుకోవాలి, ముందు తోలేవాళ్లు లేరు. తమ్ముడు అప్పటికి చిన్నవాడు. "ఎక్కు బిడ్డా, నేను చెప్త," అని నన్ను ఎక్కించాడు. కాలు క్లచ్‌కు అందకపోతే వీపు వెనక గోనెసంచి మడిచి పెట్టాడు. మూడు రోజులు దున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ దున్నాను. ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు "ఆడపిల్ల ట్రాక్టర్ తోలుడేంది" అనలేదు. పైగా మెచ్చుకున్నారు. వడ్ల బస్తాలు మిల్లుకు తోలాను, ఎరువు తోలాను, మా పొలమే కాక మా పెదనాయిన పొలం కూడా దున్నిపెట్టాను. మట్టిలో ఎంత తోలినా అడ్డులేదు. టార్పాలిన్ కింద ఉన్న కారు దగ్గరికి పోతేనే నేను ఆడపిల్లనని అందరికీ గుర్తొచ్చేది.

ఇక్కడ నేను కొన్ని తప్పులు ఒప్పుకోవాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు టార్పాలిన్ కిందికి దూరి, కారెక్కి, ఇంజన్ వేయకుండా గేర్లు మార్చేదాన్ని. నోటితో చప్పుడు చేసుకుంటూ. ఎండాకాలం లోపల ఉడికిపోయేది, చెమటకు జడ మొత్తం తడిసేది. ఒక రోజు ధైర్యం చేసి తాళం తిప్పాను. అది గేర్లో ఉందని చూసుకోలేదు. కారు ఒక్క ఎగురు ఎగిరి నీళ్ల డ్రమ్మును గుద్దింది. బంపర్ సొట్టపోయింది. నేను దిగి, టార్పాలిన్ సరిచేసి, వంటింట్లోకి వెళ్లి ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాను.

ఆ ముందు వారమే తమ్ముడు కారు బయటికి తీయబోయి ప్రహరీ గోడకు ఆనించాడు. దానికి నాయిన ఏమన్నాడో తెలుసా? "మొగపిలగాడు, నేర్చుకుంటుండు తియ్" అన్నాడు! అందుకని డ్రమ్ము సొట్ట కూడా వాడి ఖాతాలోనే పడింది, నేను నోరు మెదపలేదు. వాడు కాదు కాదని మొత్తుకున్నా నమ్మలేదు. "అయితే అయింది, జెర పైలం," అని భుజం తట్టి వెళ్లాడు నాయిన. తప్పు నేను చేసి, వాడు తట్టించుకోవడం చూస్తుంటే, నేనే చేశానని అరిచి చెప్పాలనిపించింది.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ముత్తంగి అవతల ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. తెల్ల కోటు వేసుకుని మందు గోలీలు నీళ్లలో ఎంతసేపటికి కరుగుతాయో చూడటం నా పని. ఎంత ఇష్టంగా చేసేదాన్నో చెప్పలేను. ఉదయం ఏడింటికి షిఫ్టు. కంపెనీ బస్సు మా మూల దాకా వచ్చేది. ఆరు నెలలు బాగానే గడిచింది. అప్పుడు నోటీసు పెట్టారు. మా వైపు నుంచి వచ్చేది ముగ్గురమే కాబట్టి మూడు నెలల తర్వాత ఆ బస్సు తీసేస్తారట, ఎవరి దారి వాళ్లు చూసుకోవాలట. ట్రైనీలు నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికే. మా దగ్గర ఆరున్నరకు గానీ షేర్ ఆటో కదలదు. అంటే బస్సు పోయిన మొదటి వారంలోనే నా ఉద్యోగం కూడా పోతుంది. తమ్ముడు దింపొచ్చు కదా అంటారేమో. వాణ్ని ఐదున్నరకు నిద్ర లేపగలిగిన మనిషి మా వంశంలో ఇంకా పుట్టలేదు.

నాయిన పశువులకు గడ్డి వేస్తుంటే వెళ్లి అడిగాను.

"నాయినా, బస్సు బంద్ అయితుంది. కారు నేను తోలుకపోత."

"ఏ కారు?"

"మన కారే. ట్రాక్టర్ తోలొస్తది గద నాకు."

"ట్రాక్టర్ చేన్ల తోలుతవు. గది హైవే. ముత్తంగి కాడ లారీలు చూసినవా ఎట్లొస్తయో?"

"చేన్ల గట్టు మీదికెల్లి బోర్లవడితే చస్తనని అప్పుడు యాదికి రాలేదా నీకు?"

"గది పని బిడ్డా."

"మరి ఇదేంది? ఇది గూడ పనే గద!"

గడ్డిమోపు కింద పడేశాడు. "పరేషాన్ చెయ్యకు. కష్టమైతే మానెయ్ నౌకరి. నిన్ను ఎవడన్న కమాయించి తెమ్మన్నడా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆయన తిడితే ఇంత కోపం రాకపోను. ఎవరు సంపాదించి తెమ్మన్నారు అని ప్రేమగా అన్నాడు చూడండి, అది భరించలేకపోయాను. నాకు ఉద్యోగం ఉండటం, లేకపోవడం ఆయనకు ఒకటే. అమ్మ పక్కన నిలబడి "గట్ల నోటికి నోరు చెప్తరా నాయినకు" అని నన్నే మందలించింది.

పటాన్‌చెరులో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. కంపెనీలో ఓవర్‌టైం, అదే ఓటీ, ఉందని ఇంట్లో అబద్ధం చెప్పాను. నేర్పే ఆయన పెద్దాయన, నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది. మొదటి రోజే నేను బండిని రెండో గేర్లో తీశాను. ట్రాక్టర్ అంతే మరి, రోడ్డు మీద మొదటి గేర్ ఎవరూ వాడరు. కారు వణికి వణికి ఆగిపోయింది. ట్రాక్టర్‌కు స్టీరింగ్ పక్కన చేతిపుల్ల ఉంటుంది, దాన్ని ఒకచోట పెడితే ఇంజన్ అదే వేగంతో పోతూ ఉంటుంది, కాలు ఖాళీ. కార్లో ఎక్సలేటర్ మీద కాలు ఉంచాలని మర్చిపోయి, కాలు హాయిగా పక్కన పెట్టేసేదాన్ని. అన్నిటికంటే పెద్ద రోగం వెనక్కి చూడటం. దున్నేటప్పుడు నాగళ్లు సరిగ్గా దిగుతున్నాయో లేదో ప్రతి పది అడుగులకూ మెడ తిప్పి చూడాలి. ఏడెనిమిదేళ్ల అలవాటు. కార్లో కూర్చున్నా నా మెడ ఆగేది కాదు.

"మేడం, అద్దం ఉన్నది గద. మాటిమాటికి ఎనుకకు ఎందుకు చూస్తున్నరు?" అన్నాడాయన. పది రోజులు చూసి చివరికి అడిగాడు. "ఇంతకుముందు ఏం బండి తోలిన్రు మీరు?"

"ట్రాక్టర్."

"అనుకున్న," అని కిటికీలోంచి ఉమ్మేశాడు.

సంగారెడ్డిలో పరీక్ష. ఎనిమిది అంకె గీసిన ట్రాక్ మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు తోలాలి. అంచున పాతిన ఒక్క కర్ర కూడా తాకకుండా తిప్పాను, నా ప్రాణం పెట్టి తిప్పాను. దిగగానే ఆయన కాగితం చూస్తూ అడిగాడు.

"ఏందమ్మా, ఎవరన్న తరుముకొస్తున్నరా? ముందట చూసింది తక్కువ, ఎనుకకు చూసిందే ఎక్కువ."

"నాగళ్లు సార్," అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

"ఏం నాగళ్లు?"

ఫెయిల్. పక్కన వరసలో ఉన్న కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. వాళ్లలో ఒక్కడికైనా సాలు వంకరపోకుండా దున్నడం వచ్చా అని అడగాలనిపించింది. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి మెడ తిరగకుండా చున్నీ గట్టిగా చుట్టుకుని ముడేసుకున్నాను. ఎండకు అనుకుని ఉంటారు. పాసయ్యాను.

లైసెన్స్ చేతికిస్తారనుకున్నాను, పోస్టులో పంపుతామన్నారు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు అది ఇంటికొచ్చింది. పోస్ట్‌మన్ నాయిన చేతిలో పెట్టి వెళ్లాడు. నేను వచ్చి అన్నానికి కూర్చుంటే కంచం పక్కన పెట్టాడు.

"ఓటీ ఓటీ అని పోయింది గిదా?"

"అవు."

"అడగాల్నని లేదా?"

"అడిగిన గద! నౌకరి మానెయ్ అన్నవు."

ఆయన తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. సరేననలేదు, వద్దనలేదు. ఆ కార్డు మీది నా ఫొటోను మాత్రం అమ్మకు దూరం నుంచి చూపించి, "గిదెవరో గుర్తువడతలేరు" అన్నాడు. బస్సు ఇంకో పది రోజులే ఉంది. ఇప్పుడిక ఇస్తాడులే అని నేను పిచ్చిదానిలా సంబరపడ్డాను.

బస్సు ఆఖరిసారి వచ్చింది శనివారం. ఆదివారం సాయంత్రం నేను తల స్నానం చేసి వాకిట్లోకి వచ్చేసరికి, కారు మీద టార్పాలిన్ లేదు. నలుగురు పిల్లలు బంతిపూల దండలు కడుతున్నారు. ఒకడు వెనక అద్దానికి థర్మకోల్ అక్షరాలు అంటిస్తున్నాడు. సోమవారం పొద్దున మా దూరపు చుట్టాల అబ్బాయి పెళ్లట, కారు ఇస్తానని నాయిన నెల కిందే మాటిచ్చాడట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను ఊరుకోలేదు. అంత మంది ముందరే అరిచాను. "రేపటి సంది నాకు బస్సు లేదు! ఊర్ల ఉన్న ప్రతి పెండ్లికొడుకుకు కారున్నది, ఇంట్ల ఉన్న బిడ్డకు లేదు! నేను చేన్ల పనికొస్త, జిగురు తీయనీకి పనికొస్త, ఇగ దేనికి పనికి రానా?"

పూలు కట్టేవాళ్లు చేతులు ఆపి చూశారు. నాయిన ముఖం కందిపోయింది. "మాటిచ్చిన బిడ్డా," అన్నాడు. అంతే. నేను లోపలికి వెళ్లి తలుపు దడేల్మని వేశాను. అమ్మ పిలిచినా అన్నానికి లేవలేదు.

తెల్లారి ఐదున్నరకు డబ్బా కట్టుకుని బయల్దేరాను. నడుచుకుంటూ మెయిన్ రోడ్డు దాకా పోతే ఏ పాల బండో దొరకకపోతుందా అని. వాకిట్లో కారు పూలతో సహా నిలబడి ఉంది. ఎడమ పక్క సీట్లో నాయిన కూర్చున్నాడు, ఉతికిన ధోతి, భుజాన తువ్వాల.

"ఎక్కు," అన్నాడు.

"పెండ్లి?"

"పెండ్లికొడుకు ఎనిమిదింటికి ఎల్లుతడు. అప్పటికి ఇంకో బండి దొరుకుతది. నీకు దొరకది. ఎక్కు, టైం అయితుంది."

సంతోషపడ్డాననుకుంటున్నారా? లేదు. రాత్రే చెప్పొచ్చు కదా ఈ మాట! పస్తు పడుకున్నాను నేను. పళ్లు కొరుక్కుంటూ ఎక్కాను. మొదటి గేర్లోనే తీశాను. ఇక దారి పొడుగునా ఆయన మొదలుపెట్టాడు. "మెల్లగ. హారన్ కొట్టు. గాడు అడ్డమొస్తుండు చూడు. గేర్ మార్చవా? గింత దూరంకెల్లే బ్రేక్ ఎందుకు?" తనకు కారు తోలడం రాదు, ఆ సంగతి ఆయనకు అడ్డమే కాలేదు. పటాన్‌చెరు దాటేసరికి నా చెవులు గింగురుమన్నాయి. "నాయినా, జెర సేపు ఊకో," అని గట్టిగానే అన్నాను. రెండు నిమిషాలు ఊరుకున్నాడు.

ముత్తంగి జంక్షన్. రింగ్ రోడ్డు నుంచి దిగే లారీలు, కంటైనర్లు, కంపెనీ బస్సులు, అన్నీ ఆ పొద్దునే మీద పడినట్టు ఉన్నాయి. మధ్యలోకి వచ్చాక ముందున్న బస్సు ఆగింది, నేనూ ఆగాను. బస్సు కదిలింది. నేను క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పాను, మళ్లీ ఆగింది. వెనక హారన్లు. ఒక లారీ డ్రైవర్ తల బయట పెట్టి పూలు చూసి, "అరే, దుల్హా కిదర్ హై?" అని పెళ్లికొడుకు కోసం వెతికినట్టు అరిచాడు. పక్కవాళ్లు నవ్వారు. ఇంకొకడు, "ఆడోళ్లకు బండిచ్చి రోడ్డు మీదికి తోల్తరు" అన్నాడు. ఆరూ నలభై అయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయిన ఇప్పుడిక అంటాడు, చెప్పిన్నా లేదా అంటాడు, నా పని అయిపోయింది అనుకున్నాను.

ఆయన తలుపు తీసుకుని దిగాడు. ధోతి పైకి దోపుకున్నాడు. లారీకి ఎదురుగా వెళ్లి, రెండు చేతులూ అడ్డంగా చాపి, నడిరోడ్డు మీద నిలబడ్డాడు. ఆయన గొంతు నేను పొలంలో విన్నాను, ఊరి పంచాయితీల్లో విన్నాను. అంత గొంతు ఎప్పుడూ వినలేదు.

"ఆగుర్రి! ఎవడ్రా నవ్వింది? దుల్హా గిల్హా ఎవ్వడు లేడు! నా బిడ్డ డ్యూటీకి పోతుంది! ఏడింటికి టైం ఉన్నది దానికి! మీకే ఉన్నయా డ్యూటీలు? ఆగుర్రి అంటున్న!"

ఆగారు. హారన్లు కూడా ఆగాయి. నేను తాళం తిప్పాను, పట్టుకుంది. ఆయన పరుగున వచ్చి కూర్చున్నాడు, రొప్పుతున్నాడు. "పోనియ్, పోనియ్," అన్నాడు. తర్వాత క్లచ్ గురించి గానీ, గేర్ల గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

కంపెనీ గోడ మొదలయ్యే చోట, గేటుకు ఇంకా రెండు వందల అడుగులు ఉందనగా, "ఆపు. గిక్కడ్నే దిగుత," అన్నాడు.

"గేటు దాంక రా నాయినా, లోపల పెట్టినంక ఆటో ఎక్కిస్త."

"వద్దు. నేను కూసుంటే నాయిన తోలుకొచ్చిండంటరు. నువ్వు తోలుకొచ్చినవని తెల్వాలె వాళ్లకు."

"మరి పెండ్లోళ్లకు ఏం చెప్తవు? మాటిచ్చినవు గద," అన్నాను.

"మాట తప్పిన అని చెప్త. తిడితే పడుత," అని తలుపు వేశాడు. తువ్వాలతో చెమట తుడుచుకుంటూ వచ్చిన దారినే తిరిగి నడిచాడు. ఏ పెళ్లికీ ఎవరికీ లేదనని మనిషి, లారీల పక్కన మట్టిలో, తిట్లు తినడానికి వెళుతున్నాడు. ఆయన మీద నాకు అంతదాకా ఉన్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియక స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. ఆరూ యాభై ఆరుకు, బంతిపూల కారు ఒక్కదాన్నే తోలుకుంటూ గేట్లోకి వెళ్లాను.